వంకర పన్నుతోనూ సకినం కొరకొచ్చు

నల్లగొండలో ఏ పెండ్లిలోనైనా గ్రూపు ఫొటో దిగేటప్పుడు ముందు వరుసలో కూర్చున్న నలభై దాటినవాళ్లను గమనించండి. ఫొటోగ్రాఫర్ "జర నవ్వుండ్రి" అనగానే కొందరి పెదవులు బిగుసుకుంటాయి. కొందరి కొంగు మూతి మీదికి పోతుంది. చిన్నప్పుడు ఫ్లోరైడు ఎక్కువున్న బోరింగు నీళ్లు తాగి పండ్ల మీద గోధుమరంగు చారలు పడ్డ తరం అది. (ఈ వ్యాసంలో పండ్లంటే దంతాలే. తినే పండు ఒక్కచోట వస్తుంది, అక్కడ తెలిసిపోతుంది.)

వెనక వరుసలో నిలబడ్డ పాతికేండ్ల పిల్లలూ మూతి బిగించే నవ్వుతున్నారు. వాళ్లలో చాలామందికి చారలు లేవు. ఒకరికి కోర పన్ను కొంచెం ఎత్తుగా ఉంది. ఇంకొకరికి కింద ముందు పండ్లు నాలుగూ ఇరుకున పడి అటొకటి ఇటొకటి తిరిగాయి. అంతకుమించి ఏమీ లేదు. అయినా "క్లిప్పులు పెట్టించుకోరాదు?" అని మేనత్త అడుగుతుంది, సంబంధం తెచ్చిన మధ్యవర్తి అడుగుతాడు, ఆఫీసులో పక్క సీటామె అడుగుతుంది. ఫోన్ తెరిస్తే నెలకింత కట్టండి చాలని ప్రకటన. పాతికేండ్లు మక్కకంకులు మంచిగా ఒలుచుకు తిన్న నోరు ఉన్నట్టుండి తప్పు చేసినట్టయింది.

వయసొచ్చినవాళ్ల పండ్లు నమిలే పని చేస్తూ, బ్రష్షుకు అందుతూ ఉంటే వరస వంకర జబ్బు కాదు. దాన్ని జబ్బని చెప్పి అమ్మడం తప్పు. ఇష్టపడి, అన్నీ తెలుసుకుని సరిచేయించుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. మనిషికి నచ్చిన చీర కట్టుకునే హక్కు ఎట్లాగో ఇదీ అట్లాగే. కానీ చీర నచ్చకపోతే తీసి పెట్టెలో పెట్టొచ్చు. పండ్ల వరస మార్చడం ఎముకతో, చిగురుతో, రెండేండ్ల కాలంతో చేసే పని. అందులోనూ మన జిల్లా పన్ను మీద ఆ పని తీరే వేరు.

ఎంత వంకర ఉంటే వైద్యం అవసరమో చెప్పడానికి కొలత ఉంది. బ్రిటన్‌లో 1989లో తయారైన ఐఓటీఎన్ అనే సూచికలో ఐదు గ్రేడ్లున్నాయి. పక్కపక్క పండ్లు రెండూ తాకాల్సిన చోటి నుంచి ఎంత జరిగాయో చూస్తారు. 1 మి.మీ. లోపైతే గ్రేడ్ 1. రెండు మిల్లీమీటర్ల దాకా గ్రేడ్ 2, నాలుగు దాకా 3, నాలుగు దాటితే 4. పై పండ్లు కింది పండ్ల కంటే 6 మి.మీ. దాటి ముందుకొస్తే గ్రేడ్ 4, తొమ్మిది దాటితే 5. ఒకటి, రెండు గ్రేడ్లకు ఆరోగ్యం పేరుతో వైద్యం అక్కర్లేదు. మూడు సరిహద్దు. నాలుగు, ఐదు నిజంగా చూపించుకోవాల్సినవి. పెండ్లి చూపుల్లో మాట పడే పండ్లు ఎక్కువగా రెండో గ్రేడు, మూడో గ్రేడువే.

ఎత్తు పండ్ల కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. బడిపిల్లల ప్లాస్టిక్ స్కేలు చాలు, కానీ దాని అంచు దగ్గర సున్నా గీత ఉండదు. గీతకు ముందు మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని కోసేయాలి, లేకపోతే 7 ఉన్నది 3గా కనిపించి మోసపోతారు. దవడ పండ్లు కరిచి పట్టి, గదమను ముందుకు తోయకుండా, స్కేలును అడ్డంగా కింది ముందు పంటి మొహానికి ఆనించండి. పై పండ్లలో అన్నిటికంటే ముందుకున్నదాని అంచు ఎక్కడ పడుతుందో పక్కనున్నవాళ్లను చూడమనండి. అద్దంలో చూస్తే తప్పు వస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్లుంటే అది మామూలు మనిషి నోరు.

ఇక ఆరోగ్యం పేరుతో చెప్పే మాటలు. "వంకర పండ్లు తొందరగా పుచ్చుతాయి" అనేది అందులో మొదటిది. పన్ను పుచ్చడానికి కావలసినవి తీపి, పాచి, సమయం. ఇరుకున పాచి నిలవడం నిజమే. దానికి మందు కూడా చిన్నదే. దుకాణంలో దొరికే సందుల బ్రష్షు రాత్రి పూట ఒకసారి తిప్పితే చాలు. ఇరుకు మరీ ఎక్కువైన చోట పండ్ల సందులు తీసే దారం (ఫ్లాస్). క్లిప్పులు వేసుకున్న రెండేండ్లూ అదే నోట్లో పాచి నిలిచే చోట్లు ఇంకా పెరుగుతాయన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. క్లిప్పుల వల్ల చిగుళ్లు ఎంత బాగుపడతాయో తేల్చడానికి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2008లో ఒక సమీక్ష చేశారు. బాగుపడటం అటుంచి, ఎముక సగటున 0.13 మి.మీ. తగ్గినట్టు తేలింది. అంత చిన్న తగ్గుదలకు భయపడాల్సిన పని లేదు. కానీ చిగుళ్ల కోసం క్లిప్పులు పెట్టించుకోమనడానికి అందులో ఆధారమూ లేదు.

రెండోది జ్ఞానదంతం మీద నింద. ముప్పై దాటాక కింది ముందు పండ్లు మెల్లగా దగ్గరికి జరిగి ఇరుకవుతాయి. క్లిప్పులు వేసుకున్నవాళ్లకూ, వేసుకోనివాళ్లకూ, జ్ఞానదంతాలు అసలు మొలవనివాళ్లకూ ఇది జరుగుతుంది. "వెనకనుంచి నెడుతోంది, పీకేద్దాం" అన్న మాటకు గట్టి ఆధారం లేదు. నొప్పి పెట్టి, చీము పట్టి, పక్క పన్నును పుచ్చబెడుతుంటే పీకించుకోవాలి, వరస కోసం కాదు.

నిజంగా అవసరమైన కేసులు ఉన్నాయి, వాటిని దాచను. కింది పండ్లు పై అంగిట్లో చిగురును గుచ్చి పుండు చేస్తున్నప్పుడు, నోరు మూసేటప్పుడు దవడ ఒక పక్కకు జారుతున్నప్పుడు, కోర పన్ను ఎముకలోనే ఇరుక్కుని పక్క పంటి వేరును తింటున్నప్పుడు ఆలస్యం మంచిది కాదు. ఎత్తు పండ్లు పెదవి కిందికి రాకుండా బయటే ఉంటే బండి మీద నుంచి పడ్డరోజు ముందు విరిగేది అవే. ఇట్లాంటివాళ్లకు నలభై ఏండ్లున్నా క్లిప్పులు వేయాలి. విచిత్రమేమిటంటే వీళ్లను ఎవరూ ఒత్తిడి పెట్టరు. ఎందుకంటే వీటిలో సగం ఫొటోలో కనబడవు.

మన నీళ్ల సంగతికొద్దాం. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చు అని దేశ ప్రమాణం. మన గ్రానైటు రాళ్లలోంచి ఊరే నీళ్లు మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఆ హద్దుకు ఎన్నో రెట్లు పైన ఉండేవి. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) పటిక, సున్నంతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని 1975లో తెచ్చి దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టింది. ప్రపంచంలో ఎక్కడ నీటి ఇంజినీరింగు చదివినా మన ఊరి పేరు అట్లా ఎదురవుతుంది. గొప్ప చెప్పుకోవాలో బాధపడాలో తెలియని పేరు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది నిలబడ్డదీ ఈ నీళ్ల గోస కోసమే. బ్యాలెట్టు పేపరు పుస్తకమంతయింది. గార పండ్లను దాచుకోవడం కాదు, ఆ గార పట్టించిన నీళ్ల గురించి నోరు తెరవడం ఆనాటి పని.

శాశ్వత ముందు పండ్ల మీది పింగాణీ పొర పుట్టినప్పటి నుంచి నాలుగైదేండ్ల దాకా దవడ లోపలే తయారవుతుంది. మిగతావి ఎనిమిదేండ్ల దాకా. ఆ కాలంలో ఒంట్లోకి పోయిన ఫ్లోరైడు ఆ పొరను కట్టే కణాల పనిని చెడగొడుతుంది. పొర లోపల బెండులా గుల్లగుల్లగా, పైన మాత్రం మామూలు కంటే గట్టి పెంకుతో తయారవుతుంది. పన్ను మొలిచేటప్పుడు సున్నం పూసినట్టు తెల్లగానే వస్తుంది. గోధుమరంగు తర్వాత, ఆ గుల్లల్లోకి టీ, ఆకులు, వక్కల రంగు దిగి వస్తుంది. మనం "గార" అనే ఒక్క మాటనే రెండింటికి వాడతాం, అక్కడే తికమక. ఒకటి పాచి గట్టిపడి పంటి మీద పేరుకున్న గార, అది క్లీనింగుతో పోతుంది. రెండోది ఫ్లోరైడు గార, అది పంటి లోపలే ఉంటుంది. ఎన్నిసార్లు క్లీనింగు చేసినా పోదు. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు పెట్టి రుద్దితే పైనున్న గట్టి పెంకు అరిగిపోతుంది, గుల్ల బయటపడుతుంది, రంగు ఇంకా దిగుతుంది.

ఇప్పుడు ఈ పంటి మీద క్లిప్పు అతికించడం చూడండి. మామూలు పన్నైతే ముందు ప్యూమిస్ పొడితో తుడుస్తారు. 37 శాతం ఫాస్ఫారిక్ ఆసిడ్ జెల్ పదిహేను నుంచి ముప్పై సెకన్లు ఉంచి, కడిగి, గాలి కొట్టి ఆరబెడతారు. పంటి మొహం అప్పుడు ఊదిన అద్దంలా మసకగా తెల్లబడుతుంది. ఆసిడ్ సరిగ్గా తిన్నదనడానికి అదే గుర్తు. ఆ మీద పల్చని ద్రవం రాసి, జిగురుతో క్లిప్పు పెట్టి, నీలి లైటు వేస్తారు. ఫ్లోరైడు పంటి మీద ఈ లెక్క తప్పుతుంది. పైన గట్టి పెంకు ఆసిడ్‌ను తిననివ్వదు. పన్ను ముందే సున్నం రంగులో ఉంటే మసక వచ్చిందో రాలేదో కంటికి తెలియదు. దాంతో జిగురు పైపైనే పట్టి, వారం తిరగకముందే జొన్నరొట్టె అంచు కొరికినప్పుడు క్లిప్పు ఊడి చేతికొస్తుంది. అప్పుడు "మీరు గట్టివి తిన్నారు" అని పేషెంటును తిట్టడం ఆనవాయితీ. చాలాసార్లు తప్పు రొట్టెది కాదు. పై పెంకును ముందు పల్చగా గీకి, ఆసిడ్‌ను మామూలు కంటే ఎక్కువసేపు ఉంచాల్సింది. ఆ పని చేయకపోతే ఎన్నిసార్లు అతికించినా ఊడుతూనే ఉంటుంది.

తీసేటప్పుడు ఇంకో చిక్కు. గుల్లపొర కాబట్టి క్లిప్పుతో పాటు పింగాణీ పెచ్చు కూడా లేవొచ్చు. పంటి రంగులో ఉండే సిరామిక్ క్లిప్పులు కనబడవని పెద్దవాళ్లు ముచ్చటపడతారు, కానీ అవి లోహపు క్లిప్పుల్లా వంగవు, కాబట్టి తీసేటప్పుడు పెచ్చు లేచే భయం వాటితోనే ఎక్కువ. మచ్చలున్న పంటికి లోహపు క్లిప్పులే నయమని నా అభిప్రాయం. మరొక జాగ్రత్త ఉంది, దీన్ని మరిచిపోతే తర్వాత తగువే. క్లిప్పుల చుట్టూ పాచి నిలిస్తే కొత్తగా తెల్ల మచ్చలు పడతాయి, అవి పుచ్చు మొదలైన గుర్తు. పాత ఫ్లోరైడు మచ్చ ఏదో, కొత్త పుచ్చు మచ్చ ఏదో రెండేండ్ల తర్వాత తేల్చడం కష్టం. మొదటిరోజే పండ్లు ఆరబెట్టి దగ్గరనుంచి ఫొటోలు తీయించి ఒక కాపీ మీ ఫోన్‌లో పెట్టుకోండి.

"మాకు క్లిప్పులొద్దు, కనబడని అలైనర్లు" అనేవాళ్లు ఒక సంగతి గమనించరు. ఆ ప్లాస్టిక్ తొడుగు పన్నును పట్టుకోవడానికి పంటి మీద బియ్యపుగింజంత జిగురు బొడిపెలు అతికిస్తారు. అదే ఆసిడ్, అదే జిగురు, అదే ఫ్లోరైడు పన్ను. బొడిపె ఊడితే తొడుగు కదలించాల్సిన పన్నును కదలించదు, తర్వాత వేసే తొడుగులన్నీ లెక్క తప్పుతాయి. ఒక్కో తొడుగు పన్నును సుమారు పావు మిల్లీమీటరు జరుపుతుంది. రోజుకు 22 గంటలు నోట్లో ఉండాలి. రెండు పూటలా భోజనం, పొద్దుటి నాష్టా, ఐదారు చాయ్‌లు, ప్రతిసారీ తీసి, కడిగి, మళ్లీ పెట్టుకోవడం. దుకాణంలో, బస్టాండులో, ఫీల్డు డ్యూటీలో ఉన్న మనిషికి ఆ రెండు గంటల్లో ఇవన్నీ ఎట్లా ఇముడుతాయి? తొడుగుతోనే చాయ్ తాగితే చక్కెర నీళ్లు పంటికి తొడుగుకు మధ్య ఉండిపోతాయి, పుచ్చడానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు.

పెద్దవాళ్ల ఎముక పిల్లల ఎముకలా పెరిగేది కాదు. తీగ తోసిన వైపు ఎముక కరుగుతుంది, వదిలిన వైపు కొత్తగా కడుతుంది. పన్ను పీకి ఖాళీ చేసిన చోట నెలకు ఒక మిల్లీమీటరు మూస్తే బాగా నడుస్తున్నట్టు. పీకిన చిన్న దవడ పంటి ఖాళీ ఏడు మిల్లీమీటర్లంటే ఆ ఒక్క పనికే ఏడెనిమిది నెలలు, మొత్తం పద్దెనిమిది నుంచి ఇరవైనాలుగు నెలలు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కుర్చీలో కూర్చోవాలి. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో హైదరాబాద్ పోయి వచ్చేవాళ్లకు అది ఒక రోజు కూలీ, బస్సు చార్జీ. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయేవాళ్లు తీగ వేసుకుని నాలుగు నెలలు కనబడకపోతే ఇంకా కష్టం. పండ్లను లాగే రబ్బరు గొలుసు కొద్ది వారాల్లో బలం కోల్పోతుంది. క్లిప్పు ఊడిన పన్ను ఇష్టమొచ్చిన దిక్కుకు తిరుగుతుంది, వదులైన తీగ కొన బుగ్గను గీరుతుంది. ఇంటికి దగ్గరలో నెలనెలా పోగలిగిన చోటు లేకపోతే మొదలుపెట్టకపోవడమే మంచిది.

తినడంలో కూడా నిజాయితీ కావాలి. సకినాలు, మురుకులు, మూలుగ బొక్కలు, మక్కకంకిని నేరుగా కొరకడం రెండేండ్లు బంద్. రొట్టెను పులుసులో నానబెట్టి తినాలి. సీతాఫలాల కాలంలో మహబూబ్‌నగర్ బజారంతా గంపలే. ఆ గుజ్జు మెత్తనిదే, క్లిప్పును ఊడగొట్టేది దాని గింజ. ఒక్క గింజను పంటి కింద పెట్టి కరిస్తే చాలు.

చిగుళ్లు ముందు చూపించకుండా తీగ వేయడం పెద్దవాళ్ల విషయంలో అన్నిటికంటే పెద్ద తప్పు. పన్ను చుట్టూ ఆరు చోట్ల సన్నని కొలపుల్ల దింపి లోతు చూడాలి. మూడు మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు. నాలుగు దాటి, రక్తం వస్తుంటే ముందు ఆ జబ్బు తగ్గాలి. వాచిన చిగురులో పన్నును జరిపితే ఎముక కరుగుతుంది కానీ మళ్లీ కట్టదు. బీడీ, అంబర్, గుట్కా అలవాటున్నవాళ్లకు, చక్కెర జబ్బు అదుపులో లేనివాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పెండ్లి కోసం క్లిప్పులు వేసుకుని, పెండ్లయ్యాక తీగ ఉండగానే గర్భం వస్తే చిగుళ్లు ఇంకా వాస్తాయి. ఈ సంగతి పిల్లకు ముందే ఎవరూ చెప్పరు, అడగడానికి ఇంట్లోవాళ్లు సిగ్గుపడతారు.

అంతా బాగా జరిగినా ఒక ఆశాభంగం ఉంటుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్న కింది పండ్లు వరుసలోకి వచ్చాక, వాటి మధ్య చిగురు దగ్గర నల్లని మూడు మూలల సందులు తేలతాయి. పండ్లు తాకే చోటు నుంచి ఎముక దాకా దూరం ఐదు మిల్లీమీటర్లు దాటితే చాలాసార్లు ఆ సందును చిగురు పూర్తిగా నింపలేదు. పండ్ల పక్కలను పావు మిల్లీమీటరు చొప్పున అరగదీసి దగ్గరకు జరిపితే కొంత మూసుకుంటుంది. నేరుగా అయిన పండ్ల మధ్య నల్లని సందులు చూసి "ముందే బాగుండె" అన్న మాట అరుదేమీ కాదు.

క్లిప్పులు తీసిన రోజున పని అయిపోయిందనుకుంటారు. పన్ను చుట్టూ ఉండే నారలు తిప్పిన పన్నును పాత చోటికే లాగుతూ ఉంటాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవాళ్లు నాలుగు పండ్లు పీకి సరిచేసిన 65 మందిని, సరిచేసిన వరసను నిలిపే పరికరం (రిటైనర్) మానేసిన పదేండ్ల తర్వాత పరీక్షించి 1981లో ఫలితం అచ్చువేశారు. మూడింట రెండొంతుల మందికి కింది వరస మళ్లీ చెడింది. అందుకే ఇప్పుడు రిటైనర్ బతికినంతకాలం అంటారు. మొదటి ఆర్నెల్లు రాత్రింబవళ్లు, తర్వాత ప్రతి రాత్రి. లేదా కింది పండ్ల వెనక కోర పన్ను నుంచి కోర పన్ను దాకా సన్నని తీగ అతికిస్తారు. ఆ తీగ వెనక గార పేరుకుంటుంది, ఆర్నెల్లకోసారి తీయించాలి. ప్లాస్టిక్ రిటైనర్‌ను వేడినీళ్లలో కడిగితే వంకరపోతుంది. కొత్తదానికి మళ్లీ డబ్బు. ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడు ఎక్స్‌రేలు, ఊడిన క్లిప్పు మళ్లీ అతికించడం, రిటైనర్ ఇవన్నీ అందులోనే ఉన్నాయా అని కాగితం మీద రాయించుకోండి. నోటిమాట మీద రిటైనర్ ఎప్పుడూ బయటే ఉంటుంది.

రెండేండ్లు ఆగలేనివాళ్లకు అమ్మే దగ్గరిదారి ఇంకా ఘోరం. "వారంలో నవ్వు డిజైన్" పేరుతో ఆరో ఎనిమిదో మంచి పండ్లను చుట్టూ అరగదీసి జిర్కోనియా తొడుగులు దిగేస్తారు. వంకరా పోతుంది, ఫ్లోరైడు రంగూ పోతుంది, ఒకే దెబ్బకు రెండు. పోయేది ఇంకోటి ఉంది. పూర్తి తొడుగుకు పైకి కనబడే పన్నులో 63 నుంచి 72 శాతం దాకా అరిగిపోతుందని 2002లో తూకం వేసి లెక్క తేల్చారు. వంకర పన్నును నేరుగా కనబడేలా చేయాలంటే ఒక పక్క ఇంకా లోతుగా గీకాలి. పాతికేండ్ల పంటిలో నరం పెద్దగా, పైపైకి ఉంటుంది కాబట్టి దెబ్బ దానికి తగులుతుంది. కొందరికి కొన్నాళ్లకు రూట్ కెనాల్. తొడుగు పదీ పదిహేనేండ్లకు మార్చాలి. పాతికేండ్ల మనిషి బతుకులో మూడు నాలుగుసార్లు మార్చాలి, మార్చిన ప్రతిసారీ పన్ను కొంత పోతుంది. సరిగ్గా ఉన్న పన్నును పెండ్లి కోసం మొండి చేయడాన్ని నేను వైద్యం అనను.

ఒత్తిడి ఎక్కడినుంచి వస్తోంది? ఒకప్పుడు ఫ్లోరైడు ఊళ్లకు పిల్లనివ్వడానికి వెనకాడేవారు, ఆ ఊరి పిల్లను చేసుకోవడానికీ వెనకాడేవారు. అప్పుడు పంటి రంగు చూసి నీళ్ల సంగతి, నడుము సంగతి ఊహించుకునేవారు. క్రూరమే, కానీ ఆ భయానికి ఒక కారణం ఉండేది. పంటి మీద గార కంటే ఎముకల్లోకి దిగిన ఫ్లోరైడు ఎక్కువ బాధపెట్టేది కాబట్టి. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, కొత్త పిల్లల పండ్లు తెల్లగా వస్తున్నాయి. తప్పెన్నే అలవాటు మాత్రం రంగును వదిలి వరస మీద పడింది. దీనికి ఆ కారణం కూడా లేదు. మామూలు వంకర పన్ను వెనక ఏ జబ్బూ దాక్కుని ఉండదు. దవడ సైజుకు పంటి సైజు కుదరలేదు, అంతే. పెద్దవాళ్లు మొదటినుంచీ పండ్ల మధ్య సందును అదృష్టమనే చెప్పారు. ఆ మాట ఇప్పుడు ఎక్కడా వినబడటం లేదు.

ఫోన్ కూడా కొంత మోసం చేస్తుంది. అడుగు దూరంలో పట్టుకున్న సెల్ఫీ కెమెరా మొహంలో ముందుకున్నవాటిని పెద్దవి చేసి చూపిస్తుంది, ముక్కును, ఎత్తు పండ్లను మరీ. అదే మొహాన్ని ఐదడుగుల దూరం నుంచి తీస్తే ఆ పండ్లు వెనక్కి పోయినట్టు కనబడతాయి.

పోలీసు, ఆర్మీ ఉద్యోగాలకు మైదానాల్లో ఉరికే పిల్లలకు ఇంకో భయం పెడతారు, వంకర పండ్లుంటే మెడికల్‌లో తీసేస్తారని. ఆర్మీ పరీక్షలో పండ్లకు పాయింట్లుంటాయి. ముందు పండ్లు, కోర పండ్లు, చిన్న దవడ పండ్లకు పైదీ కిందిదీ కలిసిన జతకు ఒక్కో పాయింటు, పెద్ద దవడ పండ్ల జతకు రెండేసి. కనీసం 14 రావాలి. పైదానికి కిందిది జతపడి కరుస్తున్నదా, చిగుళ్లు గట్టిగా ఉన్నాయా అన్నది ముఖ్యంగా చూస్తారు. ఫొటోలో వరస ఎట్లా ఉందన్న లెక్క అందులో లేదు. వరస కోసం నాలుగు మంచి పండ్లు పీకించుకుని, పుచ్చిన దవడ పన్ను వదిలేసేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఇన్ని చెప్పినా చేయించుకుంటామనేవాళ్లు, మంచిదే, బోర్డు మీద ఎండీఎస్ ఆర్థోడాంటిక్స్ అని ఉందో లేదో చూడండి. బీడీఎస్ తర్వాత మూడేండ్లు అదే పని నేర్చుకున్నవాళ్లు వాళ్లు. నార్కట్‌పల్లిలో కామినేని, మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్ డెంటల్ కాలేజీలున్నాయి. ఇట్లాంటి కాలేజీల్లో పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల కింద చేస్తారు. ఖర్చు తగ్గుతుంది, కుర్చీలో ఎక్కువసేపు కూర్చోవాల్సి వస్తుంది. ఒక చిట్కా ఏమిటంటే, కోర్సులో ఈ ఏడాదే చేరిన విద్యార్థి దగ్గర మీ కేసు పడేలా చూసుకోండి. చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు మధ్యలో వెళ్లిపోతారు, మిగతాది కొత్తవాళ్లు మొదటినుంచి చదువుకోవాలి. మొదలైన ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య ముందు పండ్ల వేర్లకు ఒక ఎక్స్‌రే తీయమని మీరే అడగండి. వేరు కొన కరుగుతుంటే కొన్నాళ్లు ఆపాలి.

పెండ్లి ఇంకో నాలుగు నెలల్లో పెట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ నాలుగు నెలల్లో వరస మారదు. కానీ చేయగలిగినవి ఉన్నాయి. మొదటి వారం క్లీనింగు, పుచ్చు పండ్లకు సిమెంటు. గోధుమ మచ్చ పైపైనే ఉంటే 6.6 శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్, సిలికాన్ కార్బైడు కలిసిన ముద్దతో డాక్టరు ఒక్కో పంటికి ఒక్కో నిమిషం చొప్పున కొన్నిసార్లు రుద్దితే చాలా వరకు పోతుంది. ఇంట్లో ట్రేలో పెట్టుకునే 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌తో మిగతా పసుపు తేలికవుతుంది. మొదటి కొద్ది రోజులు తెల్ల మచ్చలు ఇంకా తెల్లగా కనబడి గాభరా పుడుతుంది, పన్ను ఎండిపోవడం వల్ల అది, రెండు వారాల్లో సర్దుకుంటుంది. తెల్ల మచ్చలే బాధైతే రెసిన్ (పల్చని జిగురు ద్రవం) పంటిలోకి ఇంకించే పద్ధతి ఉంది. 15 శాతం ఆసిడ్ రెండు నిమిషాలు, స్పిరిటుతో ఆరబెట్టడం, రెసిన్ మూడు నిమిషాలు. పన్ను అరగదీయరు. తెల్లబరచిన రెండు వారాల దాకా జిగురు పని ఏదీ పెట్టుకోవద్దు, ఆలోపు అతికించింది నిలవదు. ఆ తర్వాత, కోర పన్ను కొన మరీ సూదిలా ఉంటే అర మిల్లీమీటరు నున్నగా చేయడం, విరిగిన అంచుకు కాంపోజిట్ (పంటి రంగు సిమెంటు) పెట్టడం ఒక్క పూట పని. ఆ కాంపోజిట్ ఐదారేండ్లకు రంగు మారుతుంది, మళ్లీ మెరుగు పెట్టించుకోవాలి. పెండ్లిరోజు ఫొటోగ్రాఫర్‌ను మాత్రం ఐదడుగులు వెనక్కి నిలబడమనండి.